లోపల బెత్తెడు గుడ్డ

మహామహుల జీవిత చరిత్రల్లో మొదటి అధ్యాయం వీధి దీపం కింద చదువుతో మొదలవుతుంది. ఉడత చరిత్ర ఒక గౌనుతో మొదలయింది. ఆ అధ్యాయం పూర్తయ్యే దాకా గౌను కూడా అదొక్కటే.

బడిలో చేర్చిన ఏడు వాళ్ళమ్మ ఆ నీలం గౌను కుట్టింది. బయటికి అది మోకాళ్ళ దాకా వచ్చే మామూలు గౌను. లోపల, అంచు దగ్గర మాత్రం మడత, మడత మీద మడత, దాని మీద ఇంకో మడత. ప్రతి మడతా బెత్తెడు, అంటే నాలుగు వేళ్ళ వెడల్పు. పిల్ల ఎదిగినప్పుడల్లా ఒక మడత విప్పితే గౌను కూడా ఎదుగుతుంది. ప్రభుత్వాలు కాగితాల మీద వేసుకునే అయిదేళ్ళ ప్రణాళికను ఆవిడ గౌను అంచులో వేసింది. తేడా ఒక్కటే, ఆవిడది అమలయింది.

అమలయితే అయింది గానీ అందులో ఒక లోపం ఉంది. ఎండకీ చాకిరేవుకీ బయటి గుడ్డ వెలిసిపోయేది. మడతలో దాక్కున్న గుడ్డ కొత్తగానే ఉండేది. అంచేత మడత విప్పిన ప్రతిసారీ గౌను అడుగున ఒక ముదురు చార బయటపడేది. పైన పాలిపోయిన నీలం, దాని కింద కాస్త తక్కువ పాలిపోయిన నీలం, అట్టడుగున పెళ్ళికూతురిలా మెరిసే నీలం. మూడో చార బయటపడిన రోజున తరగతిలో ఎవరో "ఉడత" అన్నారు. ఉడతకు చారలు నిలువుగా ఉంటాయనీ, గౌనుకు అడ్డంగా ఉన్నాయనీ సైన్సు టీచరు కూడా సవరించలేదు. పైగా హాజరు పిలిచేటప్పుడు ఆవిడా అదే పేరు పిలవడం మొదలుపెట్టింది. పిల్ల పలికింది. దాంతో నామకరణం రెండోసారి పూర్తయింది.

వాళ్ళుండేది ఒక సైకిల్ రిపేరు షాపు వెనక గది. మధ్య గోడ సన్నం. పంక్చరు అతికించే జిగురు వాసనా, చక్రం సరిచేసే సుత్తి చప్పుడూ అద్దెలో కలిపి వచ్చేవి. గది నట్టనడుమ కుట్టు మిషను. దాని చుట్టూ మిగిలిన జాగాలో సంసారం. పడుకోవాలంటే స్టూలు బయట పెట్టాలి, వంట చేయాలంటే పరుపు చుట్టాలి, చుట్టాలొస్తే ఉడత బయటికెళ్ళాలి. పొయ్యి ఏ పూట వెలిగించాలో, ఏ పూట "ఆకలి లేదులే" అనాలో అమ్మకు తెలుసు. ఆ మాట ఆవిడ ఎంత సహజంగా అనేదంటే, చాలా ఏళ్ళ దాకా ఉడత వాళ్ళమ్మకు నిజంగానే ఆకలి తక్కువనుకుంది.

అమ్మ ఒక చొక్కాల దుకాణానికి కాలర్లు కుట్టేది. కాలర్లు మాత్రమే. ఊళ్ళో సగం మంది మెడలు ఆవిడ చేతి మీదుగా వెళ్ళాయి గానీ, ఆ మెడల కింద మనుషులెలా ఉంటారో ఆవిడ చూసిన పాపాన పోలేదు. నాన్న ఉడత చంటిపిల్లగా ఉన్నప్పుడే పని వెతుక్కోవడానికి వెళ్ళాడు. చాలా శ్రద్ధగా వెతుకుతున్నట్టున్నాడు, ఇంకా తిరిగి రాలేదు. ఆ లోటు తీర్చడానికన్నట్టు అమ్మ తమ్ముడు వచ్చి గదిలో ఒక మూల స్థిరపడ్డాడు. ఆయన ఒక లాండ్రీలో ఇస్త్రీ చేసేవాడు. ఇంటికొచ్చాక సలహాలు ఇచ్చేవాడు. రెండో పనికి జీతం లేకపోయినా ఓవర్‌టైము చేసేవాడు.

ఉడతకు పదకొండో పన్నెండో ఏడు వచ్చేసరికి ఆమెకో సంగతి తట్టింది. చార ఉందని కాదు జనం నవ్వేది, అది అనుకోకుండా వచ్చిందని తెలిసిపోతోంది కాబట్టి నవ్వుతున్నారు. కావాలని వేసినట్టుంటే నవ్వరు. దుకాణం వాళ్ళు పారేసే తెల్ల నాడా ముక్కలు ఏరుకొచ్చి, ఒక్కో చార మీదా నీటుగా కుట్టేసుకుంది. మర్నాడు బడిలో ఎవరూ నవ్వలేదు. ఆ మర్నాడు, బ్యాంకు ఉద్యోగి కూతురు, చార అన్నదే లేని కొత్త గౌను పిల్ల, వచ్చి అడిగింది.

"నాకూ అలా కుట్టిస్తావా?"

"నీకు చారల్లేవుగా."

"అందుకే కదా అడుగుతున్నాను."

వ్యాపారమనేది ఇంతకంటే స్పష్టంగా ఎవరికీ దర్శనమిచ్చి ఉండదు. మొదట రబ్బరుకీ పెన్సిలుకీ కుట్టింది. తర్వాత చిల్లరకు కుట్టింది. ఆ చిల్లర చూసి అమ్మ ముఖం చిట్లించింది.

"నిక్షేపంలాంటి గౌను మీద అతుకులేసి డబ్బులు పుచ్చుకోవడం పాపమే."

"పాపమైతే తిరిగిచ్చేస్తాలే."

అమ్మ కాసేపు మిషను తొక్కింది. "ఇచ్చేయక్కర్లేదులే" అంది.

తర్వాతి భాగం చరిత్రకారులు తొందరగా దాటేసే రకం. బడి మధ్యలో ఆగింది. ఒక రెడీమేడ్ బట్టల దుకాణంలో మూటలు మోసే పని దొరికింది. మూటల తర్వాత మడతలు, మడతల తర్వాత కౌంటరు. ఆ కౌంటరు వెనక నిలబడి ఉడత చూసిందేమిటంటే, ఏ తల్లీ పిల్లకు సరిపోయే యూనిఫారం కొనదు. లేనివాళ్ళూ కొనరు, కాస్త ఉన్నవాళ్ళూ కొనరు. రెండు సైజులు పెద్దది కొంటారు. ఆ గోనెసంచిలో పిల్ల మొదటి ఏడాది ఈదుతుంది, రెండో ఏడాది సరిపోతుంది, మూడో ఏడాది ఊపిరి బిగబడుతుంది. "మరి ఈ రోజు సరిపోయి, వచ్చే ఏడాదీ సరిపోయేదుంటే?" అని ఉడత దుకాణం యజమానిని అడిగింది. "అప్పుడు నేను వచ్చే ఏడాది ఏం తినాలి?" అని ఆయన అడిగాడు. ప్రశ్నలు రెండూ న్యాయమైనవే. ఉడత తన ప్రశ్న పట్టుకుని ఉద్యోగం మానేసింది.

మామయ్య ఇస్త్రీపెట్టె వదిలి మరీ వచ్చాడు, ఆపడానికి.

"వ్యాపారం మనకు అచ్చిరాదే అమ్మడూ."

"మనలో ఎవరూ చేయలేదు కదా మామయ్యా, అచ్చిరాదని ఎలా తెలుసు?"

"అచ్చొచ్చేదైతే ఎవరో ఒకరు చేసుండేవాళ్ళు కదా!"

ఉడత ఆ తర్కాన్ని ఆయనకే వదిలేసి మొదలుపెట్టింది. సైకిల్ షాపు వెనక గదిలోనే. అమ్మ కత్తిరించేది, ఉడత కుట్టేది. గౌనులోనూ లాగులోనూ బెత్తెడేసి మడతలు. ప్రతి మడత దగ్గరా ముందే కుట్టి ఉంచిన తెల్ల పట్టీ. ఏటా తీసుకొస్తే ఒక మడత ఉచితంగా విప్పి ఇస్తామన్న హామీ. కొన్న రోజున ఒక పట్టీ కనబడుతుంది, విప్పినప్పుడల్లా ఇంకోటి బయటికొస్తుంది. ఒక బడి వాళ్ళు ఒప్పుకున్నారు, వాళ్ళను చూసి ఇంకో బడి వాళ్ళు. రెండేళ్ళు తిరిగేసరికి ఆ బళ్ళల్లో పట్టీలు హోదా అయి కూర్చున్నాయి. మూడు పట్టీల పిల్లలు ఒక పట్టీ పిల్లలతో మాట్లాడడం తమ స్థాయికి తగదనుకునేవారు. కొత్త గౌను కొనిస్తానన్న ఒక తండ్రిని వాళ్ళమ్మాయి "మళ్ళీ ఒక పట్టీతో మొదలెట్టాలా?" అని ఏడ్చి ఆపేసిందట. పరువు ఎటు తిరిగితే జనం అటు తిరుగుతారని ఉడతకు తెలుసు. చిన్నప్పుడు అది తనకు వీపు చూపించిన వస్తువే కదా.

గది చాలలేదు. మూతబడిన ఒక ప్రింటింగు ప్రెస్సు పై అంతస్తులో హాలు తీసుకున్నారు. ఇనుప మెట్లు, పొడుగాటి కిటికీలు, నేల మీద ఇంకా వదలని సిరా మరకలు. రెండు వరసల్లో కుట్టు మిషన్లు. కుట్టేవాళ్ళంతా సైకిల్ షాపు సందులో వాళ్ళే, వాళ్ళ వదినలూ తోడికోడళ్ళూ. బొత్తాలు కుట్టే ఆవిడను అందరూ గుండీలక్క అనేవారు. ఆవిడకు చూపు సూది దగ్గర, నోరు అందరి దగ్గర ఉండేది. హాలు చివర, వెలుతురు బాగా పడేచోట, కటింగ్ బల్ల. బల్ల వెనక అమ్మ. అద్దాలు ముక్కు మీదికి జారి, సుద్ద చెవి మీద నిలిచి, కత్తెర చేతిలో ఉండగా ఆవిడను పలకరించే ధైర్యం హాల్లో ఎవరికీ లేదు.

ఆ బల్ల మీద ఒకటే శాసనం: లోపల బెత్తెడు గుడ్డ వదలాలి. బడిపిల్లల బట్టలకు వదిలింది సరే, ఆవిడ కిటికీ తెరలకూ వదిలింది. దిండు గలీబులకూ వదిలింది. కుట్టు మిషన్ల మీద కప్పే ముసుగులకు కూడా వదిలింది. "మిషన్లు పెరుగుతాయా అక్కా?" అని, లాండ్రీ వదిలి ఇప్పుడు హాల్లోనే ఇస్త్రీ చేస్తున్న మామయ్య అడిగితే, "రేపు పెద్దది కొంటే?" అంది. ఆ దూరదృష్టి ముందు మామయ్య తల వంచాడు.

ఆ రోజుల్లోనే ఒక పత్రికవాళ్ళు వచ్చి "యువ పారిశ్రామికవేత్త" అని ఉడత గురించి రాశారు. ఫోటోలో ఉడత నవ్వుతోంది. వెనక అమ్మ నెత్తి మాత్రమే పడింది. తల ఎత్తమంటే ఆవిడ "కత్తెర దారి తప్పుతుంది" అందట.

పత్రిక చదివిన వాళ్ళలో ఒక హోటలు మేనేజరు ఉంది. సన్నగా, నిటారుగా, మనిషిని చూస్తే కొలతలు తీసుకుంటున్నట్టు చూసే ఆవిడ. కొత్తగా తెరవబోయే హోటల్లో సర్వర్లందరికీ కోట్లు కావాలంది. గుడ్డ వాళ్ళే ఇస్తారు. ప్రత్యేకంగా అద్దకం వేయించిన కాఫీరంగు గుడ్డ. కోటుకు ఎంత పడుతుందో లెక్కగట్టి అంతే తెప్పించారు, అదే రంగు మళ్ళీ కావాలంటే దొరకదు. హోటలు తెరిచే రోజుకు కోట్లు అందాలి. పని నచ్చితే ఇంకో రెండు హోటళ్ళ పని కూడా ఇస్తామంది.

ఉడత మూడు రోజులు సరిగ్గా నిద్రపోలేదు. హాలు అద్దె, వాయిదాల మీద తెచ్చిన మిషన్లు, అన్నీ బళ్ళు తెరిచే కాలంలో వచ్చే ఆదాయం మీద నడుస్తున్నాయి. మిగతా ఏడాదంతా మిషన్లు ఖాళీగా కూర్చుని వాయిదాలు మింగుతున్నాయి. ఏడాది పొడవునా పనుండాలంటే ఎదగని మనుషులు కావాలి. హోటలు పని దక్కితే హాలు ఉంటుంది, దక్కకపోతే మళ్ళీ జిగురు వాసనలోకి పోవాలి. విషయం ఇంత నగ్నంగా ఉంది.

అమ్మ హోటలుకెళ్ళి సర్వర్ల కొలతలు తీసుకుని వచ్చింది. వారం రోజులు కత్తెర ఆడింది, మిషన్లు పాడాయి. ఒక మధ్యాహ్నం అమ్మ కత్తెర బల్ల మీద పెట్టి నడుం సాగదీసుకుంది.

"ఇంకో తాను తెప్పించవే."

"ఏ తాను?" అంది ఉడత.

"ఆ కాఫీరంగుది. అయిపోయింది."

"అయిపోవడమేంటి? ఇంకా మూడో వంతు కోట్లు కత్తిరించాలిగా!"

"అందుకేగా తెప్పించమంటున్నా."

ఉడత కుట్టిన కోట్ల దొంతర దగ్గరికి వెళ్ళి ఒకటి తీసి తిరగేసింది. అంచులో బెత్తెడు. చేతుల్లో బెత్తెడు. పక్క కుట్లలో రెండేసి వేళ్ళు. అన్నీ చక్కగా మడిచి, పైన ఇస్త్రీ చేసి.

"అమ్మా, ఇదేంటి?"

"ఏంటేంటి? గుడ్డ."

"లోపలెందుకుంది?"

"బయటుంటే బాగుండదు కనక."

"వాళ్ళు పెద్దవాళ్ళమ్మా! సర్వర్లు! మీసాలున్నాయి!"

"నూనూగు మీసాలు. ఎదిగే పిల్లలు. కొలతలు తీసింది నువ్వా నేనా? అయినా మీసాలొస్తే ఎదుగుదల ఆగుతుందని ఎవరు చెప్పారే? మీ మామయ్యకు నిరుటి చొక్కా ఈ ఏడు పడుతోందా?"

ఇస్త్రీ బల్ల దగ్గరున్న మామయ్య పొట్ట లోపలికి లాక్కున్నాడు. "మధ్యలో నన్నెందుకు లాగుతావక్కా?"

"అది అడ్డంగా ఎదగడం!" అని అరిచింది ఉడత.

"అందుకే పక్కల్లో కూడా వదిలాను" అంది అమ్మ.

ఉడత హాలు వైపు తిరిగింది. "ఇంతమంది కుట్టారు కదా! ఒక్కరికైనా అనుమానం రాలేదా? ఒక్కరైనా ఇదేంటని అడగలేదేం?"

మిషన్లు ఆగాయి. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గుండీలక్క సూది నోట్లోంచి తీసింది.

"నువ్వూ చూశావుగా తల్లీ. మొదటి కోటు నీ చేతికే ఇచ్చాం. తిరగేసి చూశావు. 'లోపలి పని శుభ్రంగా ఉంది' అన్నావు."

నిజమే. ఉడత ఆ కోటును తిరగేసి చూసింది. బెత్తెడు మడత ఉండాల్సిన చోట బెత్తెడు మడత కనిపించింది, తృప్తిగా పక్కన పెట్టింది. లోపల గుడ్డ లేని బట్టను ఆ హాల్లో ఎవరూ పుట్టి బుద్ధెరిగాక తొడగలేదు. ఇంకొకరెవరు చూసినా మొదటి కోటుకే పట్టేసే తప్పు అది. ఈ మనుషుల కళ్ళకు అది పనితనంలా కనిపించింది.

ఉడత ఒక కోటు సంచిలో పెట్టుకుని హోటలుకు వెళ్ళింది. సున్నం వాసన ఇంకా పోని గదిలో మేనేజరు కూర్చుని ఉంది. ఉడత జరిగింది జరిగినట్టు చెప్పింది. చెప్పడానికి వేరే మార్గాలు ఆలోచించింది గానీ, ఏ మార్గంలో వెళ్ళినా చివర గుడ్డ లేదు.

మేనేజరు కోటు తిరగేసి, మడత మీద వేలు పరిచి చూసింది.

"ఎవరు కత్తిరించారు?"

"మా అమ్మండీ."

"మీ అమ్మగారికి మా హోటలు భోజనం మీద చాలా నమ్మకం ఉన్నట్టుంది."

ఉడతకు నవ్వాలో వద్దో తెలియలేదు. మధ్యస్థంగా ఉండిపోయింది. తర్వాత తను అనుకున్నది చెప్పింది. లోపలి గుడ్డంతా తీసేస్తాం, ఆ పట్టీలు కాలర్లకూ జేబు మూతలకూ పనికొస్తాయి. మిగిలిన ముక్కలతో పూర్తి కోట్లు రావు, చేతుల్లేని కోట్లు వస్తాయి. ముందు భాగం ఈ గుడ్డ, వీపు నల్ల లైనింగు. భోజనాల హాల్లో ఉండేవాళ్ళకు పూర్తి కోట్లు, పైన గదులకు టీలు మోసేవాళ్ళకు ఇవి. లైనింగు ఖర్చు మాదే.

"మెట్లెక్కేవాళ్ళకు చేతుల్లేకపోతేనే నయం" అంది మేనేజరు. "సరే, చేయండి. ఆ రెండు హోటళ్ళ సంగతి కూడా చెబుతా వినండి. కాగితం నమూనాలు పెట్టి కత్తిరించే మాస్టరును పెట్టుకుంటే పని మీకే. కత్తెర మీ అమ్మగారి చేతిలో ఉంటే మాత్రం నేను ఇవ్వలేను. ఆవిడ మీద నాకు కోపమేం లేదు. గుడ్డ మాది, అంతే."

తిరిగొచ్చేటప్పుడు ఉడతకు కోట్ల గురించిన బెంగ తీరిపోయింది. దాని స్థానంలో ఇంకోటి వచ్చి కూర్చుంది. మెట్ల దగ్గర మామయ్య దొరికాడు.

"మామయ్యా, అమ్మతో నువ్వు చెప్పవా?"

"నేనా? మా అక్క చేతిలో కత్తెరుండగా?"

"కత్తెర కింద పెట్టాక చెప్పు."

"అప్పుడు సుద్ద ఉంటుంది, టేపుంటుంది, నోరుంటుంది. నావల్ల కాదే. వ్యాపారం నీది, అమ్మ కూడా నీదే."

ఉడత కటింగ్ బల్ల ముందు నిలబడింది. ముందు కుర్చీ గురించి చెప్పింది. ఫ్యాను కింద మెత్తటి కుర్చీ. "సూపర్వైజరు" అన్న పదం కూడా వాడింది.

"అంటే కూర్చోవాలా?" అంది అమ్మ.

"అవును."

"కూర్చుని?"

"అందరూ ఎలా చేస్తున్నారో చూడాలి."

"నేను చేయకుండా."

"నువ్వు ఇన్నాళ్ళు చేశావు కదమ్మా, ఇంక..."

"నాకు నడుం నొప్పని చెప్పానా? కళ్ళు కనబడ్డం లేదన్నానా? డొంకతిరుగుడెందుకే, అసలు సంగతి చెప్పు."

ఉడత కుండ బద్దలు కొట్టేసింది. "నువ్వు కత్తిరిస్తే ఆ రెండు హోటళ్ళూ రావు. అవి రాకపోతే హాలుండదు."

హాల్లో మిషన్లు ఒక్కొక్కటే నెమ్మదించాయి. అందరికీ ఒకేసారి దారం తెగినట్టుంది, అందరూ తలొంచుకుని సూదిలోకి దారం ఎక్కిస్తున్నారు. అమ్మ అద్దాలు తీసి చీర చెంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"ఆ కోట్లు విప్పేదెవరు?"

"ఏదో చేస్తాంలే, నువ్వెందుకు..."

"నేను పెట్టిన గుడ్డ నేనే తీస్తాను. ఇంకొకళ్ళు తీస్తే కోటు చిరుగుతుంది."

హోటలు తెరిచే ముందు రోజు దాకా ఆవిడ ఆ పనే చేసింది. ఒక్కో కోటూ ఒళ్ళో వేసుకుని కుట్టు విప్పడం, గుడ్డ కత్తిరించడం, మళ్ళీ కుట్టడం. ఎవరితోనూ పోట్లాడలేదు. గుండీలక్కకు అది చూసే భయం వేసిందట. కోట్లు వెళ్ళిపోయిన సాయంత్రం అమ్మ బల్ల తుడిచింది, తన కత్తెరా టేపూ గుడ్డలో చుట్టి చంకన పెట్టుకుంది, ఇనుప మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మర్నాడు ఉడత కిటికీలోంచి చూస్తే ఎదురుగా, మూసి ఉన్న ఒక కొట్టు అరుగు మీద, సైకిల్ షాపు వెనక గదిలోని పాత మిషను ఉంది. దాని ముందు అమ్మ ఉంది. మిషను మోసుకొచ్చిన పాపానికి మామయ్య చెమటలు తుడుచుకుంటున్నాడు. గోడకు ఆయన స్వహస్తాలతో రాసిన అట్ట: "ఇచ్చట బట్టలు వదులు చేయబడును. బిగించబడును. కొత్తవి కుట్టబడవు."

ఇంట్లో ఏ మార్పూ లేదు. ఇప్పుడు వాళ్ళుండేది నిజమైన గోడలున్న రెండు గదుల ఇల్లు. అమ్మ వంట చేసేది, ఉడత తినేది, వానల గురించీ నీళ్ళ గురించీ మాట్లాడుకునేవారు. పొద్దున ఉడత స్కూటరు తీస్తే మాత్రం అమ్మ "నేను నడుస్తాలే" అనేది. ఇద్దరూ ఒకే వీధికి వేరువేరుగా వెళ్ళేవారు. కూతురి హాల్లో అమ్మ మళ్ళీ అడుగు పెట్టలేదు. ఉడత గుండీలక్కను రాయబారం పంపింది. ఆవిడ తన రవికె వదులు చేయించుకుని తిరిగొచ్చింది. "ఏమంది?" అంటే, "మా ఇద్దరి మధ్య చాలా మాటలొచ్చాయిలే, నీ ఊసు రాలేదు" అంది.

హాలుకు కాగితం మాస్టరు వచ్చాడు. అట్టంత దళసరి కాగితాల మీద గీతలు గీసి, గుడ్డ దొంతరగా పరిచి, ఒక్క ఊపున కోసేవాడు. పీలికలు కూడా పొదుపుగా పడేవి. రెండు హోటళ్ళ పనీ వచ్చింది. తర్వాత ఒక ఆసుపత్రి, దాని తర్వాత ఒక విమానాల కంపెనీ. వాయిదాలు తీరాయి. ఉడతను సభలకు పిలిచి వేదిక మీద కూర్చోబెట్టేవారు, యువతకు సందేశం ఇమ్మనేవారు. ఆమె సందేశం ఇచ్చేది. అందులో అమ్మ గురించిన భాగం దగ్గరికొచ్చేసరికి నీళ్ళు తాగేది.

అమ్మ అరుగు కూడా ఖాళీగా లేదు. కాఫీరంగు కోట్ల కుర్రాళ్ళలో కొందరు హోటలు తిండికి నిజంగానే ఒళ్ళు చేశారు. వాళ్ళొచ్చి కోటు ఇస్తే, ఆవిడ తిరగేసి చూసి, ఎదురు కిటికీ దాకా వినపడేట్టు అనేది: "లోపల గుడ్డ లేదు బాబూ. ఎవరో పిసినారోళ్ళు కుట్టారు." అయితే చాకిరీకి చిక్కిపోయి బిగించమని వచ్చినవాళ్ళూ అంతమందే ఉన్నారు గనక, ఈ వివాదంలో ఎవరు గెలిచారో చరిత్ర తేల్చలేదు.

బళ్ళు తెరిచే కాలం వచ్చింది. మడతలు విప్పి ఇస్తామన్న హామీ ఉందిగా, గౌన్లూ లాగులూ మూటలుగా వచ్చి పడ్డాయి. హాల్లో ఒక్క చెయ్యి ఖాళీ లేదు, అందరూ విమానాల వాళ్ళ పనిలో మునిగి ఉన్నారు. బయట ఇద్దామంటే, పట్టీ చెడకుండా మడత విప్పే పని నేర్చినవాళ్ళు ఈ హాలు దాటితే ఎదురు అరుగు మీదే ఉన్నారు. ఉడత కాసేపు మీనమేషాలు లెక్కపెట్టి, ఒక మూట తనే నెత్తికెత్తుకుని వీధి దాటింది.

అరుగు మీద బెంచీ. బెంచీ మీద ఇద్దరు ఆడవాళ్ళు, ప్యాంటు చేతబట్టుకున్న ఒక పెద్దమనిషి.

"అమ్మా..."

"వరసలో రామ్మా" అంది అమ్మ, తల ఎత్తకుండా.

యువ పారిశ్రామికవేత్త బెంచీ చివర కూర్చుంది. పక్కనున్న ఆవిడ "కొంచెం ఖరీదు గానీ పని బాగుంటుంది" అని ధైర్యం చెప్పింది. చివరికి వంతు వచ్చింది.

"ఏంటి పని?"

"మడతలు విప్పాలి. మూడు బళ్ళవి. ఇలాంటి మూటలు ఇంకా ఉన్నాయి."

"ఎప్పటికి?"

"బళ్ళు తెరిచేలోపు."

"తొందర పనికి రేటు వేరు."

"అమ్మా!"

"ఇక్కడ అమ్మ లేదు. బోర్డు చూశావా?"

"బోర్డు మీద పేరే లేదు."

"అందుకే ఎవరూ చుట్టరికం కలపడం లేదు."

ఉడత రేటు అడిగింది. అమ్మ చెప్పింది. ఉడత సగం అంది. అమ్మ మూట కట్టేయబోయింది. ఉడత ముప్పాతికకు వచ్చింది. "మూటలు తెచ్చేదీ తీసుకెళ్ళేదీ మీ మనుషులే" అంది అమ్మ. ఉడత సరేనంది. "సగం ముందివ్వాలి." దానికీ సరేనంది. విమానాల కంపెనీ వాళ్ళు కూడా ఇంత గట్టిగా బేరం ఆడలేదు.

అమ్మ మూటలో పొరపాటున కలిసిన ఒక కొత్త గౌను తీసి, అంచు తిరగేసి, మడత మీద నాలుగు వేళ్ళు ఆనించింది. చిటికెన వేలు బయటే ఉండిపోయింది.

"ఇదేంటి? మూడు వేళ్ళే ఉంది."

"ఈ ఏడు కాగితం మాస్టరు తగ్గించాడు. గుడ్డ కలిసొస్తుందని."

"పిల్ల ఏడాదికి బెత్తెడు పెరిగితే ఏం చేస్తుంది? మోకాళ్ళు వంచుకుని నడుస్తుందా?" అమ్మ గౌను మూటలో పడేసింది. "ఇలాంటివి నేను ముట్టుకోను. విప్పడానికేముంది ఇందులో? పాతవన్నీ చేసిస్తా. కొత్తవి మాత్రం బెత్తెడు వదిలి పంపితేనే వచ్చే ఏడు నా దగ్గరికి తీసుకురా."

"హోటలు వాళ్ళ కోట్లకు వదలమంటావేంటి మళ్ళీ?"

"వాళ్ళ ఊసు నాకెందుకు? నేను పిల్లల సంగతి మాట్లాడుతున్నా."

ఉడత మనసులో లెక్క వేసింది. మడతకు ఒక వేలు, ఇన్ని వేల గౌన్లు, ఇన్ని తాన్లు. చిన్న మొత్తం కాదు. "ఆలోచించి చెబుతాను" అంది.

"ఆలోచించుకో. ఈలోగా వెనకాలాయన్ని రానీ."

ప్యాంటుతో ఇంకో ఆయన వచ్చి నిలబడ్డాడు. ఉడత పక్కకు జరిగింది. అమ్మ ఆయన నడుం కొలత తీసి, సుద్దతో గీత గీసి, "ఎల్లుండి రండి" అనేలోపు ఉడత ఆలోచన పూర్తయింది.

"సరే, వదిలిస్తాను. వచ్చే ఏడు కూడా పని నీకేనా?"

"బెత్తెడుంటే నాకే" అంది అమ్మ. అడ్వాన్సు అందుకుని, కళ్ళకద్దుకోకుండా, లెక్కపెట్టి మరీ డబ్బాలో వేసింది.

ఉడత హాలుకొచ్చి బడి గౌన్ల నమూనాలు మార్చమంది. కాగితం మాస్టరు చేతిలోని పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు.

"ఎందుకండీ, బోలెడు గుడ్డ దండగ! ఎవరు చెప్పారు?"

"మడతలు విప్పేవాళ్ళు."

"ఎదురుగా అరుగు మీద కూర్చునే ఆ అద్దాలావిడా? ఆవిడెవరండీ మనకు షరతులు పెట్టడానికి?"

గుండీలక్క సూది ఆపి చెవులు రిక్కించింది. ఉడత కిటికీ వైపు చూడలేదు.

"ఆవిడతో బేరం కుదిరింది మాస్టారూ. అడ్వాన్సు కూడా ఇచ్చేశాను. గుడ్డ వదలండి" అని, మిగతా మూటలు కిందికి దింపించడానికి మెట్ల వైపు వెళ్ళింది.